నడుముకి పైనా, కిందా

స్నానం చేయించడంలోనూ పాయింట్లుంటాయంటే నమ్ముతారా? బ్రిటన్‌లో వికలాంగుల భత్యానికి ఉన్నాయి మరి. నడుముకి పైన కడగడానికి సాయం కావాలంటే 4, కింద కడగడానికైతే 2! మంచాన ఉన్న అత్తగారికి నీళ్ళు పోసిన ఏ కోడలినడిగినా చెబుతుంది, అసలు కష్టం ఎక్కడో.

2025లో లేబర్ ప్రభుత్వం, ఏదో ఒక్క పనిలోనైనా 4 పాయింట్లు రానివాళ్ళకి రోజువారీ సాయం భత్యం ఇవ్వమంటూ బిల్లు తెచ్చింది. రెండేసి చొప్పున ఎన్ని పోగైనా లాభం లేదన్నమాట.

సొంత పార్టీ సభ్యులే 120 మందికి పైగా ఎదురు తిరిగారు. ఇప్పుడు తీసుకుంటున్నవాళ్ళ జోలికి పోమన్నారు ప్రధాని స్టార్మర్. రేపు మంచాన పడేవాళ్ళ మాటేమిటన్నారు వీళ్ళు. చివరికి జూలై 1న, సభలో చర్చ జరుగుతుండగానే ఆ నిబంధన తీసేస్తామని మంత్రి ప్రకటించారు. కొత్తగా జబ్బుపడేవాళ్ళకిచ్చే మరో భత్యంలో కోత మాత్రం మిగిలింది. అందుకే 49 మంది లేబర్ సభ్యులు వ్యతిరేకంగానే వోటేశారు. 335–260తో బిల్లు నెగ్గింది.

1999లో, బ్లెయిర్ హయాంలోనూ 60 మందికి పైగా ఇలాగే తిరగబడ్డారు. అప్పుడు కోత ఆగలేదు. ఈసారి సగమైనా ఆగింది.

ఆ పాయింట్లు రాసినవాళ్ళు ఒక్కపూట చెంబు పట్టుకుని చూస్తే బావుండును!