పెట్టెలో గాలి ఎంత?

"లోతు ఎంత పెట్టమంటావు తమ్ముడూ?"

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో, ఫ్రెండ్ కారుకి సబ్‌వూఫర్ పెట్టె చేయిస్తుంటే కార్పెంటర్ అడిగిన ప్రశ్న ఇది. "డిక్కీలో ఎంత పడితే అంత" అన్నాను. పన్నెండంగుళాల స్పీకర్ బిగించి పాట పెడితే డప్పైనా, బేస్ గిటారైనా ఒకటే "గుమ్మ్". స్పీకర్‌ని తిట్టుకున్నాం. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు మేం పుట్టకముందే అచ్చయింది.

స్పీకర్ కోన్ ముందు గాలిని నెట్టేటప్పుడు వెనక గాలిని లాగుతుంది. 40 హెర్ట్జ్ శబ్దం అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. పన్నెండంగుళాల స్పీకర్ దానికి ఒక అడ్డే కాదు. వెనక అల చుట్టూ తిరిగొచ్చి ముందు అలని చంపేస్తుంది. ఆ వెనక అలని ఏం చేయాలన్న ప్రశ్నలోంచి పుట్టిందే పెట్టె. వీణ కుండతో పోల్చకండి. పనస చెక్కని తొలిచేది అది పలకడానికి. ఇక్కడ చెక్క పలకకూడదు, లోపలి గాలే పనిచేయాలి. అందుకే బరువైన, ఉలుకూ పలుకూ లేని 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ వాడతారు.

బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ థురాస్ వెనక అలని వాడుకుందామన్నాడు. 1930లో దరఖాస్తు చేసిన పేటెంటు 1932లో వచ్చింది. పెట్టెకో రంధ్రం పెడితే, సోడా సీసా మూతి మీద ఊదినప్పుడు మోగినట్టు, లోపలి గాలి ఒక స్వరం దగ్గర మోగి ముందు అలకి తోడవుతుంది. 1954లో అమెరికాలోనే ఎడ్గర్ విల్చర్, తన విద్యార్థి హెన్రీ క్లాస్‌తో కలిసి దీనికి ఎదురు దారి పట్టాడు. పెట్టెని పూర్తిగా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడాడు. చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ వచ్చింది.

ఊరికే మాత్రం రాలేదు. తర్వాత క్లాస్‌తో పనిచేసిన హాఫ్‌మన్ పేరు మీద ఒక "ఇనుప సూత్రం" ఉంది: చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుకే పెద్ద శబ్దం. ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. అదే సామర్థ్యంతో 80 హెర్ట్జ్ నుంచి 40కి దిగాలంటే పెట్టె ఎనిమిదింతలు కావాలి.

సూత్రం సరే, కొలతలు ఎలా? 1961లో ఆస్ట్రేలియా ఇంజినీర్ నెవిల్ థీల్, పెట్టెలోని స్పీకర్ ఒక ఎలక్ట్రికల్ ఫిల్టర్ లాంటిదేనని చూపించాడు. ఫిల్టర్ల పట్టికలోంచి పెట్టె కొలతలు తీయొచ్చు. ఆ వ్యాసం స్థానిక పత్రికలో పదేళ్లపాటు దాదాపు అనామకంగా ఉండి, 1971లో అమెరికన్ జర్నల్ మళ్లీ అచ్చేశాక లోకానికి తెలిసింది. సిడ్నీ యూనివర్సిటీలో రిచర్డ్ స్మాల్ 1972 నుంచి దాన్ని విస్తరించాడు. ఇప్పుడు స్పీకర్ డేటా షీట్ మీద కనిపించే థీల్-స్మాల్ అంకెలు ఇవే. అంతకుముందు చాలావరకు చెక్క కొయ్యి, విను, మళ్లీ కొయ్యి.

నన్ను గుచ్చేది ఇదే. ఫిల్టర్ల చాప్టర్ రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. అదే సమీకరణం చెక్కా రంపం పట్టుకుని ఎదురుగా నిలబడితే గుర్తుపట్టలేకపోయాను.

కారుకి ఇంకో లెక్క కూడా ఉంది. అద్దాలు ఎక్కించిన క్యాబిన్ అల కంటే చిన్నది కాబట్టి లోతైన బేస్‌ని తనే పెంచుతుంది. మూసిన పెట్టెలో బేస్ ఎక్కడ తగ్గుతుందో, సుమారుగా అక్కడ కారు అందుకుంటుంది. ఇంట్లో పేలవంగా వినిపించే పెట్టె కారులో నిండుగా ఉండటానికి కారణం అదే.

గత ఏడాది నా కారుకి చేయించాను. మూసిన పెట్టె, 30 లీటర్లు. స్పీకర్ వెనక భాగం ఆక్రమించే చోటు కూడా లెక్కలో కలిపాను. శబ్దం తగ్గింది, పెద్ద యాంప్లిఫయర్ కొనాల్సి వచ్చింది. కానీ డప్పు డప్పులా, గిటారు గిటారులా ఉన్నాయి.

కాగితం చూసి కార్పెంటర్ అడిగాడు: "డిక్కీలో ఇంకా బోలెడు చోటుంది కదా సార్, వదిలేస్తున్నారేంటి?"

"అమ్మ సూట్‌కేసుకి" అన్నాను. అది సగం నిజమే.