ఎత్తిపోతల మెట్ల మీద నడుం నొప్పి

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పిల్లలు గొడవ చేస్తే ఎత్తిపోతల తీసుకెళ్ళా. మాచర్ల నుంచి సాగర్ వెళ్ళే దారిలో, చంద్రవంక వాగు 70 అడుగుల కిందకి దూకే చోటు. యతి తపోతలమే ఎత్తిపోతల అయిందంటారు కొందరు. నాకైతే ఆ పేరు వింటే ఎత్తడం, పొయ్యడమే గుర్తొస్తాయి. రెండూ నడుముకి పడని పనులే :)

గుడి వైపు మెట్లు దిగుతుంటే సగంలో నడుం పట్టేసింది. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి గోడ మీద పెట్టి వంగి నడుస్తుంటే వెనకనుంచి నాన్న, "ఏందిరా, అచ్చం మా అమ్మ నడిచినట్టు నడుస్తున్నావు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు మా నాయనమ్మ నడకని అనుకరించి అందర్నీ నవ్వించినవాణ్ణి నేనే మరి.

మా ఆఫీసులో నడుం నొప్పి లేనివాడు తక్కువ. క్యాంటీన్లో రెండు సిద్ధాంతాలు నడుస్తుంటాయి. ఒకటి, అంతా కుర్చీ మహిమ. రెండోది, మనిషి నాలుగు కాళ్ళ మీద నడవాల్సినవాడు, అనవసరంగా లేచి నిలబడ్డాడు, అందుకే ఈ శిక్ష. నేను రెండోదాని పార్టీ. పాత డిజైన్‌కి ప్యాచ్ వేసి ప్రొడక్షన్లోకి తోసేశారని జోకులు కూడా వేసేవాణ్ణి.

ఈ మధ్య మంచం మీద పడుకుని చదవడానికి బోలెడంత టైం దొరికింది. చదివాక ఆ జోకు వెయ్యబుద్ధి కావట్లేదు. టాంజానియాలోని లేటోలీలో 1978లో బయటపడ్డ అడుగుజాడలు 36 లక్షల ఏళ్ళ నాటివి. అంటే రెండు కాళ్ళ నడక నిన్నా మొన్నటి ప్యాచ్ కాదు. చంటిపిల్లలకి నడుము దగ్గర లోపలికి వంపు సరిగ్గా ఉండదు, నిలబడి నడవడం మొదలెట్టాక ఏర్పడుతుంది. మొండెం బరువుని తుంటి మీదకి తెచ్చేది ఆ వంపే. ఇంకో సంగతి. 2007లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం ఆ వంపు మగవాళ్ళలో రెండు వెన్నుపూసల మీదుగా, ఆడవాళ్ళలో మూడింటి మీదుగా సాగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు బరువు ముందుకి లాగేస్తుంటే తట్టుకోడానికన్నమాట. ఆస్ట్రలోపితెకస్ శిలాజాల్లో కూడా ఆ తేడా కనిపించిందట.

అలాగని మా సిద్ధాంతం పూర్తిగా తప్పూ కాదు. 2015లో పాతకాలపు మనుషుల వెన్నుపూసల్నీ, చింపాంజీల వెన్నుపూసల్నీ పోల్చి చూస్తే, డిస్కు ఎముకలోకి చొచ్చుకుపోయిన గుర్తులున్న మనుషుల పూసల ఆకారం చింపాంజీలకి దగ్గరగా ఉందని తేలింది. అంటే పాత కోడు కొందరిలో కొంచెం ఎక్కువ మిగిలిందేమో. అంతేగానీ అందరి నడుముకీ పరిణామమే ముద్దాయి అనడం అన్యాయం.

ఇంతకీ మా నాయనమ్మ సంగతి. ఎత్తిపోతలకి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే నాగార్జునసాగర్ డ్యాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలవలకి నీళ్ళొదిలారు. దాదాపు కిలోమీటరున్నర పొడవు, 124 మీటర్ల ఎత్తు, అంతా రాతికట్టడం. యంత్రాలు కొనడానికి విదేశీ మారకం కరువు, మోసే మనుషులకి మాత్రం కరువు లేదు. పాలమూరు నుంచి, చుట్టుపక్కల ఊళ్ళనుంచి వేలమంది వచ్చారు. నాయనమ్మ కూడా నెత్తిన చుట్టకుదురు, దాని మీద తట్ట పెట్టుకుని ర్యాంపు ఎక్కింది. నాన్న కడుపులో ఉన్నప్పుడు ఏడో నెల దాకా వెళ్ళిందట. ఆ మూడు పూసల వంపుకి కడుపులో బిడ్డ లెక్క తెలుసు, నెత్తిన తట్ట లెక్క తెలియదు.

నెత్తిన మొయ్యడం తేలికని కూడా చదివా. తూర్పు ఆఫ్రికా ఆడవాళ్ళు తమ బరువులో అయిదో వంతు దాకా నెత్తిన పెట్టుకున్నా అదనంగా శక్తి ఖర్చు కాదని 1986లో కొలిచారు. ఊపిరి ఖర్చు కాకపోవచ్చు, కానీ ఆ బరువు వెన్నులోంచే కదా కిందకి దిగాలి!

అయితే ఆవిడ నడుం డ్యాం వల్లే వంగిందని నేననను. తర్వాత నలభై ఏళ్ళు నాట్లు, మిరపకాయ కోతలు. అయిదు కాన్పులు. ముసలితనంలో అలా వంగిపోవడం తరచుగా ఎముకలు పల్చబడి పూసలు నలిగితే వస్తుందంటారు. ఏది ఎంత వంచిందో ఎవరు చెప్తారు? ఆవిడెప్పుడూ డాక్టరుకి చూపించుకోలేదు. నాకు మాత్రం రెండు ఎమ్మారైలు, ఒక బెల్టు, ఇరవై వేల కుర్చీ.

డ్యాం కడుతున్న రోజుల్లోనే, 1954 నుంచి 1960 దాకా, మునిగిపోయే నాగార్జునకొండ లోయనంతా పురావస్తు శాఖ తవ్వింది. రాతియుగపు పనిముట్లు, కొత్తరాతియుగపు సమాధులు, ఇక్ష్వాకుల విజయపురి, అన్నీ బయటపడ్డాయి. కొన్ని కట్టడాల్ని కొండ మీదకి తరలించి మళ్ళీ కట్టారు. చాలా మంచి పని, కాదనను. వేల ఏళ్ళ కిందట చచ్చిపోయినవాళ్ళ వివరాలు రిపోర్టుల్లో చదువుకోవచ్చు. పక్కనే తట్ట మోసిన మా నాయనమ్మ గురించి నాకు తెలిసింది మాత్రం నాన్న చెప్పిన నాలుగు ముక్కలే.

ఆ రోజు మెట్ల మీదే కూర్చుండిపోయా. పిల్లలు మొసలిని చూడాలని కిందకి పరిగెత్తారు. నాన్న నా పక్కన కూర్చున్నాడు.

"తట్ట ఎంత బరువుండేది నాన్నా?" అనడిగా.

కాసేపు నీళ్ళకేసి చూసి, "ఏమోరా, నేనూ ఎప్పుడూ అడగలా" అన్నాడు.