పక్కకు పోయే ధ్వని: స్టూడియో మానిటర్ల రూపకల్పన చరిత్ర

రికార్డింగ్ స్టూడియోలో మానిటర్ స్పీకర్ ధ్వని రెండు దారుల్లో చెవికి చేరుతుంది. ఒకటి సూటిగా వస్తుంది. మరొకటి పక్కలకు పోయి, గోడలకూ సీలింగుకూ మిక్సింగ్ కన్సోల్‌కూ తగిలి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఈ రెండోదాని తీరును గది ఎంత నిర్ణయిస్తుందో స్పీకర్ ఆకారమూ అంతే నిర్ణయిస్తుంది.

1,000 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 34 సెంటీమీటర్లు. కోన్ వ్యాసం తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్నదైతే ధ్వని అన్నివైపులా పరుచుకుంటుంది. దానికి దగ్గరయ్యేకొద్దీ ముందుకే దూసుకుపోతుంది. అందుకే 15 అంగుళాల వూఫర్ 1,000 హెర్ట్జ్ చేరేసరికే పక్కలను వదిలేయడం మొదలుపెడుతుంది. ఆపైన చిన్న ట్వీటర్ పని అందుకోగానే ధ్వని మళ్లీ విప్పారుతుంది. ఎదురుగా కూర్చున్నవారికి ఈ అతుకు వినిపించదు. పక్కకు జరిగినవారికి వినిపిస్తుంది.

1940లలో అమెరికాలో వచ్చిన ఆల్టెక్ లాన్సింగ్ 604 ఇందులో సగం చిక్కు విప్పింది. 15 అంగుళాల కోన్ నడిమధ్యలోంచే, ట్వీటర్ పని చేసే హార్న్ పలికేది. వూఫర్, ట్వీటర్ ఒకదానిపై ఒకటి ఉన్నప్పుడు, ఒకటి మరొకదానికి పని అప్పగించే క్రాస్‌ఓవర్ దగ్గర రెండు తరంగాలూ కొన్ని కోణాల్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కేంద్రం ఒకటే కావడంతో ఆ బాధ చాలావరకు తప్పింది. 1947లో బ్రిటన్‌లో టానాయ్ సంస్థ తెచ్చిన డ్యూయల్ కాన్సెంట్రిక్‌లో వూఫర్ కోన్ హార్న్‌కు కొనసాగింపుగానూ పనిచేసింది. పెద్ద కోన్ ధ్వని సన్నబడటం మాత్రం రెండింటిలోనూ ఉండిపోయింది.

బీబీసీ ఇంజనీర్లు వేరే దారి పట్టారు. ఎల్‌ఎస్5/1 మానిటర్‌లో 15 అంగుళాల వూఫర్ ముందు సన్నని నిలువు చీలిక మాత్రమే వదిలారు. ధ్వనికి ద్వారం ఇరుకైతే అడ్డంగా విస్తరిస్తుంది కదా! క్యాబినెట్ అంచులదీ ఒక పాత్ర ఉందని ఆర్‌సీఏలో హ్యారీ ఓల్సన్ ప్రయోగాలు 1951లోనే తేల్చాయి. పదునైన మూలలున్న ఘనాకారపు పెట్టెలో స్పందన ఎగుడుదిగుడుగా, గోళంలో నునుపుగా వచ్చింది. అయినా చూడముచ్చటైన చదరపు పెట్టెలను మార్కెట్ వదులుకోలేదు. 1970లలో బీబీసీ చిన్న మానిటర్ ఎల్‌ఎస్3/5ఎలో ట్వీటర్ చుట్టూ ఫెల్ట్ పట్టీలు అంటించి, అంచుల నుంచి చెదిరే ధ్వనిని తగ్గించారు.

1978లో యమహా ఎన్‌ఎస్-10 స్పీకర్ ఇళ్ల కోసం వచ్చి స్టూడియోలకు చేరింది. దాన్ని కన్సోల్ మీద అడ్డంగా పడుకోబెట్టడం ఆనవాయితీ అయింది. అలా పెడితే పైకీ కిందికీ ఉండాల్సిన క్రాస్‌ఓవర్ గుంటలు పక్కలకు తిరిగి, ఇంజనీర్ తల కదిలించినప్పుడల్లా ధ్వని మారుతుంది. అయినా తర్వాతి స్టూడియో మోడల్ మీద పేరును అడ్డంగానే ముద్రించారు!

అసలు మలుపు 1981లో జేబీఎల్ 4430తో వచ్చింది. దాని వూఫర్ ధ్వని సుమారు 100 డిగ్రీలకు సన్నబడే 1,000 హెర్ట్జ్ దగ్గరే, అంతే కోణంలో పరిచే హార్న్‌కు పని అప్పగించారు. రెంటినీ విడివిడిగా మెరుగుపరచడం కాకుండా వ్యాప్తిని కలిపి చూసిన రూపకల్పన ఇది. పెద్ద హార్న్ అవసరం లేకుండా ఇదే పనిని చిన్న మానిటర్లకు తెచ్చింది ఫిన్లాండ్ సంస్థ జెనెలెక్. 1983లో అది ట్వీటర్ చుట్టూ ముఖభాగాన్నే లోతుగా మలచిన వేవ్‌గైడ్‌ను ప్రవేశపెట్టింది. 1980ల మధ్యలో కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ చేసిన శ్రవణ పరీక్షల్లో, ఎదురుగానే కాక పక్కలకూ ధ్వని నునుపుగా ఉన్న స్పీకర్లకే శ్రోతలు మొగ్గుచూపారు.

వేవ్‌గైడ్‌కూ హద్దుంది: తనకన్నా చాలా పెద్దవైన తరంగాలను అది మళ్లించలేదు. 100 హెర్ట్జ్ తరంగం 3.4 మీటర్లుంటుంది. దాని కోసం పెద్ద స్టూడియోలు మానిటర్లను గోడలోనే అమర్చి వెనక్కు పోయే దారిని మూసేశాయి. 2010లలో వచ్చిన కీ త్రీ అనే మానిటర్ పక్కలా వెనకా వూఫర్లు పెట్టి, వెనక్కు పోయే తరంగాన్ని ఎదురు తరంగంతో రద్దు చేసింది.