గృహ బీరు తయారీ

గృహ బీరు తయారీ అనగా వ్యాపారం కొరకు కాక, సొంత వాడకం కొరకు ఇంటిలోనే చిన్న మోతాదులో బీరును తయారు చేసుకోవడం. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా వంటి దేశాలలో ఇది చట్టబద్ధమైన, ప్రజాదరణ పొందిన అభిరుచి. భారతదేశంలో మద్యం తయారీకి రాష్ట్ర ప్రభుత్వ అనుమతి అవసరం. వంటగది, గ్యారేజి, నేలమాళిగ వంటి చోట్ల కుటుంబ జీవనం మధ్యనే ఈ పని సాగుతుంది. అందువలన పరికరాల ధర కంటే శుభ్రత, ఉష్ణోగ్రత, ఇంటిలోని వారి భద్రత, చోటు విషయంలో వారితో కుదిరే ఏర్పాటు అనేవి దీని జయాపజయాలను ఎక్కువగా నిర్ణయిస్తాయి.

చరిత్ర

బీరు తయారీ మొదట ఇంటిపనే. ప్రాచీన సుమేరియాలో నిన్‌కాసి అనే దేవతను బీరుకు అధిదేవతగా కొలిచేవారు. మధ్యయుగపు ఇంగ్లాండులో రొట్టెతో పాటు బీరును కూడా ఎక్కువగా స్త్రీలే ఇంటిలో తయారు చేసి, మిగిలినదానిని ఇరుగుపొరుగు వారికి అమ్మేవారు. హాప్స్ వాడకం వ్యాపించి, పెద్ద బట్టీలు ఏర్పడిన తరువాత ఈ పని క్రమంగా ఇంటి నుండి వ్యాపారుల చేతికి పోయింది. అయినను నార్వే, ఫిన్లాండ్, లిథువేనియా పల్లెలలో ఇంటి బీరు సంప్రదాయం పూర్తిగా అంతరించలేదు. నార్వేలో ఒక తయారీలోని ఈస్ట్‌ను చెక్క వలయాల మీద ఆరబెట్టి, తరువాతి తయారీకి దాచుకునే పద్ధతి ఉండేది.

బ్రిటన్‌లో 1880 నాటి చట్టం ప్రకారం ఇంటిలో బీరు తయారు చేసుకొనుటకు కూడా లైసెన్సు అవసరమయ్యేది. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఈ నిబంధనను తొలగించాడు.

అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధం అమలులో ఉన్నది. నిషేధం తొలగిన తరువాత ఇంటిలో ద్రాక్షసారా తయారీకి అనుమతి లభించినా, బీరుకు లభించలేదు. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఈ లోటును తీర్చింది. అది 1979 ఫిబ్రవరి 1 నుండి అమలులోకి వచ్చింది. 1978లోనే చార్లీ పపాజియన్ తదితరులు కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్‌ను స్థాపించారు. 1984లో వెలువడిన పపాజియన్ పుస్తకం "ది కంప్లీట్ జాయ్ ఆఫ్ హోమ్ బ్రూయింగ్" ఈ అభిరుచికి ప్రామాణిక గ్రంథమయింది. అమెరికాలోని చిన్న బీరు కర్మాగారాలు పలువురు ఇంటి తయారీదారులు ప్రారంభించినవే. సియెరా నెవాడా సంస్థను 1980 ప్రాంతంలో నెలకొల్పినవారిలో ఒకడైన కెన్ గ్రాస్‌మన్ అంతకు పూర్వం కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో ఇంటి బీరు సామగ్రి దుకాణం నడిపాడు.

ముడిపదార్థాలు

బీరుకు ముఖ్యమైనవి నాలుగు: నీరు, మాల్ట్, హాప్స్, ఈస్ట్.

మాల్ట్ అనగా మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం. సాధారణంగా బార్లీని వాడుతారు. తెలుగువారికి పరిచయమైన రాగి మాల్ట్ కూడా ఇదే సూత్రం మీద తయారవుతుంది. గింజ మొలకెత్తినపుడు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి.

హాప్స్ అనునవి ఒక తీగజాతి మొక్క పూలు. ఇవి బీరుకు చేదును, సువాసనను ఇస్తాయి. కొన్ని రకాల బాక్టీరియాను అడ్డుకుంటాయి. ఈస్ట్ ఏకకణ శిలీంధ్రం. ఇది చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. ఇడ్లీ, దోసె పిండి పులియుటలో బాక్టీరియాది ముఖ్యపాత్ర కాగా, బీరులో ఆ పాత్ర ఈస్ట్‌ది. ఇడ్లీ పిండికి మేలు చేసే పుల్లదనమే సాధారణ బీరును పాడు చేస్తుంది.

పరికరాలు

అమెరికాలో ఒక విడత తయారీ సాధారణంగా 5 గ్యాలన్లు, అనగా సుమారు 19 లీటర్లు. దీని నుండి 355 మిల్లీలీటర్ల సీసాలు 50 వరకు వస్తాయి. దీనికి కావలసిన కనీస పరికరాలు ఇవి:

• మరిగించుటకు పెద్ద స్టీలు గిన్నె
• మూత గల ఆహారయోగ్యమైన ప్లాస్టిక్ బకెట్ లేదా పులియబెట్టే పాత్ర
• వాయువును బయటకు వదిలి, గాలిని లోనికి రానివ్వని ఎయిర్‌లాక్
• థర్మామీటరు
• ద్రవసాంద్రతను కొలిచే హైడ్రోమీటరు
• ఒక పాత్ర నుండి మరొక పాత్రకు మార్చే సైఫన్ గొట్టం
• సీసాలు, మూతలు, మూతలు బిగించే సాధనం
• కడుగుటకు, క్రిమిరహితం చేయుటకు రసాయనాలు

వేడి ద్రవాన్ని త్వరగా చల్లార్చుటకు రాగి గొట్టపు చుట్టను వాడుతారు. దానిని ద్రవంలో ముంచి, లోపలి నుండి చన్నీటిని పారిస్తారు. అది లేనివారు గిన్నెను మంచునీటి తొట్టిలో ఉంచుతారు.

ఇంటిలో చోటు, సమయం

కొత్తవారు ఎక్కువగా మాల్ట్ రసాన్ని చిక్కబరచిన పాకంతో ప్రారంభిస్తారు. ఈ పద్ధతిలో పని రెండు మూడు గంటలలో ముగుస్తుంది. ధాన్యం నుండి మొదలుపెడితే, కడిగి సర్దుకొనుటతో కలిపి అయిదారు గంటలు పడుతుంది. అంతసేపు పొయ్యి, నీళ్ల తొట్టి ఇతరులకు అందుబాటులో ఉండవు. కాబట్టి భోజనాల వేళకు, పిల్లలు మేలుకొని తిరిగే వేళకు అడ్డురాని విధంగా సమయాన్ని నిర్ణయించుకోవడం పరిపాటి. మరిగే మాల్ట్ వాసన ఇల్లంతా వ్యాపిస్తుంది. అది అందరికీ నచ్చదు.

ఇంటి పొయ్యి మీద 19 లీటర్లను మరిగించుట కష్టం. దీనికి మూడు మార్గాలు కలవు. మొదటిది, సగం నీటితో చిక్కగా మరిగించి, తరువాత శుభ్రమైన చన్నీరు కలపడం. రెండవది, 4 లేదా 5 లీటర్ల చిన్న విడతలు చేయడం. మూడవది, పనిని గ్యారేజికో, పెరటికో మార్చడం. ఆస్ట్రేలియాలో అభివృద్ధి చెందిన సంచి పద్ధతిలో ధాన్యాన్ని గుడ్డసంచిలో ఉంచి ఒకే గిన్నెలో పని ముగించవచ్చును. ఇందువలన పాత్రల సంఖ్య, వాటిని దాచే చోటు తగ్గుతాయి.

పులియబెట్టే పాత్రకు రెండు వారాల పాటు కదలిక లేని, చీకటిగా ఉన్న, ఉష్ణోగ్రత నిలకడగా ఉండే మూల కావాలి. నిండిన పాత్ర 20 కిలోల పైన బరువు ఉంటుంది. కనుక దానిని నింపే చోటు, ఉంచే చోటు దగ్గరగా ఉండడం మంచిది. వేసవిలో పాత్రను నీటి తొట్టిలో ఉంచి తడిగుడ్డ చుట్టడం చౌకైన ఉపాయం. పాత ఫ్రిజ్‌కు ఉష్ణోగ్రత నియంత్రకాన్ని అమర్చుకోవడం అంతకంటే నమ్మకమైనది. ఇంటివారి ఆహారం ఉండే ఫ్రిజ్‌ను దీనికి వాడితే రెంటికీ ఇబ్బంది, ఏలయనగా బీరుకు అనువైన ఉష్ణోగ్రత వద్ద పాలు, కూరలు నిలువవు.

తయారీ విధానం

1. నానబెట్టుట: దంచిన మాల్ట్‌ను 65 నుండి 68 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో సుమారు గంటసేపు ఉంచుతారు. పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఈ తీయని ద్రవాన్ని వోర్ట్ అంటారు. మాల్ట్ ధూళిలో పులుపు కలిగించే బాక్టీరియా ఉంటుంది కనుక దంచే పనిని పులియబెట్టే పాత్రకు దూరంగా చేస్తారు.

2. మరిగించుట: వోర్ట్‌ను హాప్స్ వేసి సుమారు గంటసేపు మరిగిస్తారు. మొదట వేసిన హాప్స్ చేదును, చివర వేసినవి సువాసనను ఇస్తాయి.

3. చల్లార్చుట: సుమారు 20 డిగ్రీలకు త్వరగా చల్లారుస్తారు. ఇక్కడి నుండి బీరును తాకే ప్రతి వస్తువు క్రిమిరహితమై ఉండాలి. మురికి ఉన్న పాత్రపై క్రిమిసంహారకం సరిగా పనిచేయదు. అందువలన ముందు కడగడం, తరువాత క్రిమిరహితం చేయడం అనే వరుస తప్పనిసరి.

4. పులియబెట్టుట: ఈస్ట్ కలుపుతారు. ఏల్ రకాలకు 18 నుండి 22 డిగ్రీలు, లాగర్ రకాలకు 8 నుండి 13 డిగ్రీలు అనుకూలం. పులియునపుడు వేడి పుడుతుంది కనుక పాత్ర లోపలి ఉష్ణోగ్రత గదికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా ఉండవచ్చును. వేడి మితిమీరితే ఘాటైన, అవాంఛిత రుచులు వస్తాయి.

5. సీసాలలో నింపుట: సాంద్రత వరుసగా కొన్ని రోజులు మారకుండా ఉంటే పులియుట ముగిసినట్లు. అప్పుడు 19 లీటర్లకు సుమారు 110 నుండి 120 గ్రాముల చక్కెరను నీటిలో మరిగించి, చల్లార్చి కలిపి, సీసాలలో నింపి మూతలు బిగిస్తారు. రెండు మూడు వారాలలో నురుగు ఏర్పడుతుంది.

ఆల్కహాలు శాతాన్ని హైడ్రోమీటరు కొలతల ద్వారా లెక్కిస్తారు. ఆరంభ సాంద్రత 1.050, తుది సాంద్రత 1.010 అయితే, వాటి తేడా 0.040ను 131.25తో గుణించగా సుమారు 5.25 శాతం వస్తుంది.

భద్రత

• కాలిన గాయాలు: హాప్స్ వేసిన వెంటనే వోర్ట్ ఒక్కసారిగా పొంగవచ్చును. మరిగే గిన్నె ఉన్నంతసేపు చిన్నపిల్లలను ఆ గదిలోకి రానీయరాదు.
• సీసాలు పేలుట: పులియుట ముగియకముందే నింపినా, చక్కెర ఎక్కువైనా లోపలి ఒత్తిడికి సీసాలు పగులుతాయి. వాటిని మూతగల పెట్టెలలో, పిల్లలు ఆడని చోట ఉంచాలి. పెద్ద గాజు పాత్రలు జారి పగిలితే లోతైన గాయాలు కాగలవు.
• విషవాయువులు: ఆరుబయట వాడే గ్యాస్ పొయ్యిలను మూసిన గదిలో వెలిగిస్తే ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ చేరగలదు.
• రసాయనాలు: కడిగే మందులను శీతలపానీయాల సీసాలలో పోసి ఉంచరాదు.
• పెంపుడు జంతువులు: హాప్స్ కుక్కలకు విషం. వాడిన హాప్స్ పిప్పిని అవి చేరలేని చోట పారవేయాలి.
• పిల్లలు: ఇంటి బీరు సీసాలపై అచ్చు చీటీలు ఉండవు. కనుక పేరు, తేదీ, ఆల్కహాలు శాతం రాసి, తాళం వేసి ఉంచడం అవసరం.

ధాన్యంతో చేసిన బీరులో మిథనాల్ అత్యల్పం కనుక అది విషంగా మారే ప్రమాదం దాదాపు లేదు. అయితే ఇంటిలో చేసినదైనా, కొన్నదైనా ఆల్కహాలు క్యాన్సరు కారకమే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లో మద్యపానీయాలను మొదటి వర్గపు క్యాన్సరు కారకాలలో చేర్చింది.

చట్టం

అమెరికా చట్టం పరిమితిని ఇంటివారీగా నిర్ణయించింది. ఒకే వయోజనుడు గల ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి వయోజనులు గల ఇంటికి 200 గ్యాలన్ల వరకు పన్ను లేదు. అమ్మకం నిషిద్ధం. బట్టీపట్టి సారా తీయుటకు ఈ మినహాయింపు వర్తించదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండేవి. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013లో చివరిగా అనుమతించాయి. జపాన్‌లో లైసెన్సు లేకుండా 1 శాతం, అంతకు మించి ఆల్కహాలు గల పానీయాల తయారీ నిషిద్ధం.

భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 1968 నాటి ఎక్సైజు చట్టాన్ని అనుసరించి లైసెన్సు లేని తయారీ నేరం. సొంత వాడకానికి బీరు చేసుకొనుటకు అమెరికా తరహా మినహాయింపు లేదు. మద్యం వలన కుటుంబాలు చితికిపోవడం తెలుగునాట పెద్ద సామాజిక సమస్య. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతటా వ్యాపించిన స్త్రీల సారా వ్యతిరేక ఉద్యమం, 1995లో అమలైన మద్యనిషేధం దీనికి సాక్ష్యాలు. ఆ నిషేధాన్ని 1997లో సడలించారు. విదేశాలలో స్థిరపడిన తెలుగువారు తామున్న ప్రాంతపు చట్టానికి లోబడి ఈ అభిరుచిని కొనసాగించవచ్చును. స్వదేశంలో ఆ అనుమతి చెల్లదు.

ఇవి కూడా చూడండి

• బీరు
• కిణ్వ ప్రక్రియ
• ఈస్ట్
• బార్లీ
• సారా వ్యతిరేక ఉద్యమం