కులద్వేష నేరాల లెక్క: కారంచేడు నుంచి నేటి దాకా

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో అగ్రకుల భూస్వాములు మాదిగపల్లెపై దాడి చేసి ఆరుగురిని చంపారు. తాము తాగే చెరువు నీళ్లు మురికి చేయొద్దని మాదిగలు ముందురోజు అడ్డుచెప్పడమే వారు చేసిన తప్పు. బతికినవారు చీరాలకు చేరారు. ఆ శిబిరంలో రాజుకున్న ఉద్యమం నుంచే దళిత మహాసభ పుట్టింది. అప్పటి శిక్షాస్మృతికి మాత్రం హత్య హత్యే. చంపినవారి కులద్వేషం నేర నిర్వచనంలోకి వచ్చేది కాదు.

ఆ లోటు తీర్చడానికి వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా ద్వేష నేరాల గణాంకాల చట్టం చేసింది. అక్కడ నేరానికి పురిగొల్పిన ద్వేషం జాతిపైనా, మతంపైనా అని వర్గీకరించి లెక్కిస్తారు. ఇక్కడ ఎస్సీ, ఎస్టీలపై నేరాలను జాతీయ నేర రికార్డుల బ్యూరో బాధితుల వర్గాన్ని, కేసు పెట్టిన సెక్షన్‌ను బట్టి లెక్కిస్తుంది. దాడికి దారితీసింది నీళ్లా, కూలి డబ్బులా, పెళ్లా అన్నది ఆ పట్టికల్లో కనబడదు.

కొత్త చట్టానికి పెద్ద పరీక్ష గుంటూరు జిల్లా చుండూరులో ఎదురైంది. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ సాంఘిక బహిష్కరణగా ముదిరి, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యకు దారితీసింది. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. కారంచేడు కేసులో తుది తీర్పు సుప్రీంకోర్టు నుంచి 2008లో గానీ రాలేదు.

చట్టంలోనే మరో చిక్కు ఉండేది. హత్యవంటి తీవ్ర నేరాలకు పెంచిన శిక్ష పడాలంటే, బాధితుడు ఎస్సీ, ఎస్టీ అయినందువల్లే ఆ నేరం చేశారని రుజువు చేయాలి. మనసులోని ద్వేషానికి సాక్ష్యం ఎవరు తేగలరు? 2016 జనవరి 26న అమలైన సవరణతో, బాధితుడి వర్గం తెలిసి చేశారని చూపితే చాలు.

ఎస్సీలపై నేరాలు దేశంలో 2021లో 50,900, 2022లో 57,582 నమోదయ్యాయి. పెరుగుదల అంతా హింసే అనుకోకూడదు, ధైర్యంగా ఫిర్యాదు చేసేవారు పెరిగినా అంకె పెరుగుతుంది. స్టేషన్ గడప దాకా రాలేని బాధ మాత్రం ఏ అంకెలోకీ ఎక్కదు. 2022లో జిల్లాలను విభజించాక కారంచేడు, చుండూరు రెండూ బాపట్ల జిల్లాలో చేరాయి. ఆ జిల్లా ఎఫ్ఐఆర్‌లోనైనా గొడవకు మూలకారణం రాసే గడి ఒకటి ఉండాలి.