టెలిఫోనులో అక్షరముల ఆనవాళ్లు

విశాఖపట్టణమునకు నైరుతి దిక్కున, జాతీయ రహదారి ప్రక్కన, ఉక్కు కర్మాగారపు దాపున మా కూర్మన్నపాలెము ఉన్నది. ఈ పేరు తెలుగులో చెప్పినచో బడికి పోవు పిల్లవాడును తప్పులేక వ్రాయును. అదే పేరును ఆంగ్ల లిపిలో వ్రాయింపవలసివచ్చి, టెలిఫోనులో ఒక్కొక్క అక్షరముగా చెప్పి చూడుడు. మొత్తము 13 అక్షరములు. అందులో ‘యమ్’ రెండు, ‘యన్’ రెండు. అవతలివారు ‘యమ్’ను ‘యన్’గా వినుట, ‘పి’ని ‘బి’గా వ్రాసికొనుట, జంట అక్షరములలో ఒకదానిని విడిచిపెట్టుట మాకు నిత్యానుభవము. మాకు సమీపముననున్న దువ్వాడ రైలు స్టేషనుకు రైల్వేవారు పెట్టిన గుర్తు మూడక్షరములు: డి, వి, డి. ఈ మూడింటిని గబగబ పలికినచో వినువారి చెవికి బి, జి, టి, ఏదైనను కావచ్చును.

ఇది నవ్వుకొని విడువదగిన విషయమని మేమును చాలకాలము తలచితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట మా వీధిలోని ఒక పెద్దమనిషికి జబ్బుచేసినది. దూరదేశమున ఉద్యోగము చేయు కుమారునికి విమానపు టిక్కెట్టును ఇంటివారు టెలిఫోనులోనే చెప్పి కొనిరి. ఇంటిపేరులోని మొదటి అక్షరము ‘యమ్’. వినినవారు ‘యన్’ అని వ్రాసిరి. విమానాశ్రయములో అతనిని నిలిపివేసిరి. ఆ అక్షరమును సరిచేయించుకొనునప్పటికి విమానము వెళ్లిపోయినది. మరునాడు అతడు ఇల్లు చేరెను. తండ్రిని ప్రాణముతో చూచుట అతనికి దక్కలేదు. అక్షరము చిన్నదే, దాని మీద ఆధారపడినది చిన్నది కాదు.

ఇట్టి పొరపాటునకు కారణము వినువారి అశ్రద్ధ మాత్రమే కాదు. మనుష్యుని కంఠధ్వనిలో సెకనుకు 300 మొదలు 3,400 వరకు గల కంపనములను మాత్రమే సాధారణముగా టెలిఫోను మోసికొనిపోవును. స, ఫ వంటి హల్లులను వేరుచేసి చూపు సన్నని ధ్వనులు చాలవరకు ఆ ఎల్లకు పైన ఉండును; అవి దారిలోనే రాలిపోవును. మాటలో అయినచో ముందు వెనుకల అక్షరములు, వాక్యార్థము కలిసి లోటును పూరించును. ఒంటరి అక్షరమునకు అట్టి తోడు లేదు. ఆంగ్లాక్షరముల పేర్లలో బి, సి, డి, జి, పి, టి, వి అన్నియు ఒకే ఈకారముతో ముగియును. దీనికి మన ఉచ్చారణ తోడగును. ఎల్, ఎమ్, ఎన్, ఎస్ అనుటకు బదులు మన పెద్దలు యల్, యమ్, యన్, యస్ అనిరి. నాలుగింటికిని ఒకటే మొదలు. ఉక్కునగరమునకు దేశము నలుమూలలనుండి వచ్చిన కుటుంబములలో, వంగదేశీయుని నోట ‘వి’ అను అక్షరము ‘భి’ వలె వినవచ్చును.

ఒక గుర్తు నశింపకుండ దానికి ఒక మాటను తోడిచ్చుట మన పూర్వులకు తెలియని విద్య కాదు. క అని ఊరకొనక కకారమనిరి, గ అనక గకారమనిరి. ర ఒక్కదానికి రేఫ అని వేరే పేరు పెట్టిరి. అంకెల విషయమున ఇంకను జాగ్రత్తపడిరి. శాసనములలో శకవర్షమును చెప్పునపుడు చంద్రుడనగా 1, నేత్రములనగా 2, వేదములనగా 4, బాణములనగా 5, ఋతువులనగా 6, వసువులనగా 8, ఆకాశమనగా సున్న అని భూతసంఖ్యలను వాడిరి. అంకె చెరిగిపోవచ్చును, లేఖకుడు తప్పు చెక్కవచ్చును. శ్లోకములో ఒదిగిన మాట చెడినచో ఛందస్సే ఆ తప్పును పట్టియిచ్చును. సంగీతప్రియులైన శ్రోతలు కటపయాది పద్ధతిని ఎరుగుదురు. మేచకల్యాణిలోని మొదటి రెండక్షరములకు 5, 6 విలువలు; వెనుకనుండి చదివినచో 65వ మేళకర్త. ధీరశంకరాభరణము ఇట్లే 29 అగును. మాటలో అంకెను దాచిన వారికి, మాటతో అక్షరమును కాపాడుట వింతగా తోచియుండదు.

అలెగ్జాండరు గ్రాహాంబెల్‌కు 1876 మార్చి 7న టెలిఫోనుపై హక్కుపత్రము లభించినది. ఆరేండ్లు తిరుగకుండ, 1882 జనవరిలో, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్చేంజీలు తెరువబడినవి. విశాఖపట్టణము అప్పటికి మద్రాసు రాజధానిలోనిదే. టెలిఫోనుతోపాటే అక్షరముల చిక్కును ప్రపంచమంతట తలయెత్తినది. 1890 నాటి బెర్లిన్ టెలిఫోను పుస్తకములో ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్యను ఇచ్చిరి. సంఖ్యలను జ్ఞాపకముంచుకొనుట కష్టమైనందున 1903లో వానికి బదులు మనుష్యుల పేర్లు వచ్చినవి. ఈ పట్టికకే పిదప ఒక అవమానము జరిగినది. 1934లో నాజీ ప్రభుత్వము అందులోని దావీదు, నాథాను, సమూయేలు వంటి యూదుల పేర్లను ఏరి తీసివేసినది. అక్షరములు చెప్పుకొను చిన్న పట్టికలోనికి కూడ ద్వేషము ప్రవేశింపగలదని ఇది తెలుపుచున్నది. జర్మనీవారు 2022లో తమ వ్యాపార వ్యవహారముల కొరకు ఊళ్ల పేర్లతో క్రొత్త పట్టికను కూర్చుకొనిరి.

మొదటి ప్రపంచయుద్ధకాలమున బ్రిటిష్ సైన్యపు సంకేతదళమువారు ఏకు ‘అక్’, యమ్‌కు ‘ఎమ్మా’, పికి ‘పిప్’, టికి ‘టాక్’ అని పలికిరి. మధ్యాహ్నము తరువాతి వేళకు గుర్తైన పి, యమ్ అక్షరములు వారి నోట ‘పిప్ ఎమ్మా’ అయినవి. రెండవ యుద్ధములో అమెరికా సేనలు 1941 మొదలు ‘ఏబుల్, బేకర్’ అను పట్టికను వాడినవి. ఇవి ఆంగ్లేయులకు, అమెరికనులకు సులభములు; ఫ్రెంచివారికి, స్పానిష్ వారికి కావు. యుద్ధానంతరము విమానములు దేశదేశములకు ఎగురసాగినవి. పైలట్ ఒక భాషవాడు, నేలమీద దారిచెప్పువాడు మరొక భాషవాడు. ఒక అక్షరము తప్పిన ప్రాణములకే అపాయము.

అప్పుడు అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థవారు మాంట్రియల్ విశ్వవిద్యాలయములోని భాషాశాస్త్రజ్ఞుడు జాన్‌పాల్ వినేను ఆశ్రయించిరి. ఆంగ్లము, ఫ్రెంచి, స్పానిష్ భాషలలో సమానముగా చెల్లు మాటలను ఏరి కూర్చిన పట్టిక 1951 నవంబరులో అమలునకు వచ్చినది. వాడుకలో కొన్ని మాటలు కుదురలేదు. మరల పరీక్షలు జరిపి, సి, యమ్, యన్, యు, ఎక్స్ అను ఐదింటి మాటలను మార్చిరి. 1956 మార్చి 1 నుండి నేటి రూపము స్థిరపడినది:

ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా, ఎకో, ఫాక్స్‌ట్రాట్, గోల్ఫ్, హోటల్, ఇండియా, జూలియెట్, కిలో, లీమా, మైక్, నవంబర్, ఆస్కార్, పాపా, కెబెక్, రోమియో, సియెర్రా, టాంగో, యూనిఫాం, విక్టర్, విస్కీ, ఎక్స్‌రే, యాంకీ, జూలూ.

తొమ్మిదవ స్థానమున మన దేశము పేరే ఉన్నది! మైక్, నవంబర్ అను మాటలను ప్రక్కప్రక్కన పలికి చూడుడు. యమ్, యన్‌ల గజిబిజి ఎక్కడను మిగులదు. గాలి హోరులో సగము మాట పోయినను మిగిలిన సగము ఆనవాలు పట్టియిచ్చును. ఇదియే దీనిలోని కిటుకు.

మా ప్రాంతమునకు ఈ మాటలు పరాయివి కావు. 1933లో ప్రారంభోత్సవము జరిగిన రేవునకు వచ్చు ఓడలు, నౌకాదళమువారు, విమానములు నడుపువారు ఈ భాషనే పలుకుదురు. భారతదేశపు విమానముల గుర్తు ‘విటి’. ఆకాశమున అది ‘విక్టర్ టాంగో’ అగును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు సెల్‌ఫోనులు మూగబోయినవి, విద్యుచ్ఛక్తి లేదు. అప్పుడు అమెచ్యూర్ రేడియో అభ్యాసకులు తమ యంత్రములతో వచ్చి వార్తలు చేరవేసిరి. మన దేశములో వారి పిలుపుగుర్తులు ‘వియు’ అను అక్షరములతో మొదలగును. ‘విక్టర్ యూనిఫాం’ అని పలుకుదురు. తుపానులో ఒక ఊరి పేరు తప్పు విన్నచో సాయము మరొక ఊరికి పోవును. కంచరపాలెము, మర్రిపాలెము, తాటిచెట్లపాలెము, కూర్మన్నపాలెము: మన నగరములో పాలెములకు కొదవయా!

ఇది ఓడలకు, విమానములకు సరే, గృహస్థులకేల అని కొందరు అడుగవచ్చును. 1970 ఏప్రిలు 17న పార్లమెంటులో విశాఖ ఉక్కు ప్రకటన వెలువడినది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1న కర్మాగారము జాతికి అంకితమైనది. ఆ నడుమ మా ప్రాంతపు పల్లెలనేకము లేచిపోయి, నిర్వాసితులు క్రొత్త కాలనీలలో కుదురుకొనిరి. నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు మొదలు నేటి పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, విమానపు టిక్కెట్టు వరకు మనిషికి సాక్షి కాగితముపైనున్న పేరు. పాన్ గుర్తులో 10 స్థానములున్నచో 6 అక్షరములే. బ్యాంకు శాఖను తెలుపు గుర్తులో 11 స్థానములు, మొదటి 4 అక్షరములు. వీనిని టెలిఫోనులో చెప్పవలసిన అవసరము గృహిణికిని, వృద్ధునికిని కలుగుచున్నది.

మన ప్రజలు తమంతట తామే ఉపాయము కనిపెట్టిరి: బి అనగా బొంబాయి, డి అనగా ఢిల్లీ, వి అనగా వైజాగు. ఇది మంచిదే, ఇద్దరికిని తెలిసిన ఊరు ఎన్నడును మోసగింపదు. తోచిన మాట చెప్పుటలోనే చిక్కు. సికి ‘సిటీ’ అని చెప్పినచో తెలుగు చెవి దానిని యస్‌తో వ్రాయించును. కెకు ‘నాలెడ్జ్’ అన్నచో అక్షరము సరియైనదే, వినువాడు యన్ అని వ్రాయును. ఏర్పడిన పట్టిక ఒకటున్నచో ఈ తడబాటు తప్పును.

కావున శ్రోతలకు మేము మనవి చేయునది స్వల్పము. ఈ 26 మాటలను ఒక కాగితముపై వ్రాసి టెలిఫోను దగ్గర గోడకు అంటింపుడు. మొదట పేరు పూర్తిగా చెప్పుడు. పిదప అక్షరము, దాని వెంట మాట చెప్పుడు. జంట అక్షరము వచ్చినచో మాటను రెండుమార్లు పలుకుడు. అంకెలను విడివిడిగా చెప్పుడు. చివర అవతలివారిచే తిరిగి చదివించుకొనుడు. చదివించుకొననిదే పని పూర్తికాలేదని తలపుడు. అవతలివారికి ఈ పట్టిక తెలియకపోయినను భయములేదు. మైక్ అన్న మాట ఏ అక్షరముతో మొదలగునో వారికి తెలియును. ఒక్క జాగ్రత్త: తామే పిలిచి రహస్యపు సంఖ్యలు అడుగు అపరిచితునికి మాత్రము ఎంత స్పష్టముగనైనను చెప్పవద్దు.

మా వీధిలోని ఆ యింట టెలిఫోను ప్రక్కన ఇప్పుడు ఈ కాగితము వ్రేలాడుచున్నది. ఇంటిపేరు చెప్పునపుడు ఆ కుమారుడు ‘మైక్’ అను మాట దగ్గర ఒక క్షణము ఆగును. అవతలివారు తిరిగి చెప్పువరకు రెండవ అక్షరమునకు పోడు.