కొండదారి సైకిళ్ళూ కెమెరా మోసినవాళ్ళూ

మౌంటెన్ బైక్ మీద కెమెరా పట్టుకెళ్ళడం గురించి ఎవరు రాసినా కథను గోప్రోతోనే మొదలుపెడుతున్నారు. 2004లో ఆ కంపెనీ తొలి కెమెరా వచ్చేదాకా కొండల్లో సైకిల్ తొక్కేవాళ్ళకు ఫోటోల ధ్యాసే లేనట్టు, బరువుకు భయపడి కెమెరాలను ఇంట్లో వదిలి వెళ్ళినట్టు చెబుతారు. ఈ కథ నాకు మింగుడుపడదు. ఈ ఆట పుట్టినప్పుడే కెమెరా పక్కన ఉంది. ఆట పుట్టిన ఊరు దాటి బయటికి రావడంలోనూ దాని పాత్ర చిన్నది కాదని నా అభిప్రాయం.

బరువు సంగతి ముందు తేల్చేద్దాం. కొడక్ చేతి కెమెరా 1888లో వచ్చింది. మూడేళ్ళు తిరక్కుండానే అమెరికా కుర్రాళ్ళు థామస్ అలెన్, విలియం సాక్‌ట్‌లెబెన్ కొడక్ వెంటబెట్టుకుని సైకిళ్ళ మీద ఆసియా దాటడానికి బయల్దేరారు. దారిలో 1891లో అరారత్ పర్వతం కూడా ఎక్కారు. 1892లో పిట్స్‌బర్గ్ నుంచి ప్రపంచయాత్రకు వెళ్ళిన ఫ్రాంక్ లెంజ్ కెమెరా ఇంకా పెద్దది. అతను 1894లో తూర్పు టర్కీలో కనిపించకుండా పోయాడు. అంతకుముందు పంపిన ఫోటోలు మాత్రం మిగిలాయి. ఇంగ్లండ్‌లో 1955లో ఏర్పడ్డ రఫ్ స్టఫ్ ఫెలోషిప్ సభ్యులు మామూలు టూరింగ్ సైకిళ్ళను భుజాన వేసుకుని వాగులూ కనుమలూ దాటారు, ఫోటోలూ విరివిగా తీసుకున్నారు. అయితే ఆ ఫోటోల వల్ల కొత్త పరిశ్రమేదీ పుట్టలేదు. కెమెరా ఉంటే చాలు ఆట పెరుగుతుందని నేను అనడం లేదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

అసలు వివాదం కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ గురించి. టామల్‌పాయస్ కొండ చుట్టుపక్కల కొందరు కుర్రాళ్ళు 1930, 40ల నాటి ష్విన్ సైకిళ్ళను బాగుచేసుకుని మట్టిదారుల్లో దిగేవాళ్ళు. 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ దగ్గర మొదటి రీప్యాక్ పందెం జరిగింది. సుమారు 3.4 కిలోమీటర్ల దారిలో దాదాపు 400 మీటర్ల దిగుడు. కింద చేరేసరికి వెనక చక్రం హబ్ బ్రేకులోని గ్రీజు కాలి పొగలు కక్కేది, మళ్ళీ విప్పి గ్రీజు నింపాల్సి వచ్చేది. అందుకే రీప్యాక్ అనే పేరు. ఇక్కణ్ణుంచి చరిత్రకారులందరూ ఫ్రేములు, గేర్లు, బ్రేకుల కథే చెబుతారు: 1977లో అదే గుంపుకు చెందిన జో బ్రీజ్ కట్టిన ఫ్రేము, 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ పెట్టిన కంపెనీ, 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ వారి స్టంప్‌జంపర్ సైకిల్. అవన్నీ నిజమే. కానీ ఇనుము కథతోనే సరిపెడితే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. అదే కాలిఫోర్నియాలోని కుపెర్టినోకు చెందిన మారో డర్ట్ క్లబ్ కుర్రాళ్ళు లావు టైర్ల సైకిళ్ళకు గేర్లు బిగించుకుని 1974 డిసెంబర్‌లోనే మరిన్‌లోని మిల్ వ్యాలీలో జరిగిన సైక్లోక్రాస్ అనే మట్టిదారి సైకిల్ పోటీకి వచ్చారు. గేర్ల విషయంలో ముందున్నది వాళ్ళే. మరి ఇరవై ఏళ్ళ పాటు వాళ్ళను తలుచుకున్నవాళ్ళు ఎందుకు లేకపోయారు?

నా జవాబు వెండీ క్రాగ్. ఆమె మరిన్ గుంపులోనే ఒకరు. ఇరవై కిలోలు దాటిన పాత సైకిల్‌ను అందరిలాగే ఎక్కుడులో తోసుకుంటూ, దిగుడులో తొక్కుతూ, వెంట కెమెరా తెచ్చేవారు. రీప్యాక్‌లో రైడర్లను రెండు నిమిషాల తేడాతో ఒక్కొక్కరినే వదిలేవారు కాబట్టి మలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకు ప్రతి మనిషీ విడిగా, దుమ్ము మేఘంతో సహా దొరికేవాడు. ఆ దారిలో ఒక మలుపును కెమెరా కార్నర్ అనే పిలిచేవారు. బయటి పత్రికల ఫోటోగ్రాఫర్ వచ్చి ఉంటే పందెం ఫోటోలు మాత్రం తీసుకుని వెళ్ళిపోయేవాడు. క్రాగ్ ఫోటోల్లో పందెంతో పాటు చెట్టు నీడన కూర్చుని చెయిన్ సరిచేసుకోవడం, జీన్స్, కూలిపని బూట్లు, హెల్మెట్ లేని తలలు, వెంట వచ్చిన కుక్కలు కూడా ఉన్నాయి. ఈ ఆటలో చేరితే సాటి మనుషులు ఎలా ఉంటారో చూసినవాళ్ళకు తెలిసేది. కెల్లీ, డెనిస్ కరమాన్యో 1980లో ఫ్యాట్ టైర్ ఫ్లయర్ పత్రిక మొదలుపెట్టేనాటికే చూపించడానికి బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి. 2014లో కెల్లీ రాసిన పుస్తకంలోనూ అవే కనిపిస్తాయి.

దీన్ని అతిగా లాగకూడదని నాకూ తెలుసు. కుపెర్టినో వాళ్ళవీ కొన్ని ఫోటోలు ఉన్నాయి. మరిన్ వాళ్ళకు కెల్లీ కలం ఉంది, అమ్మకానికి సైకిళ్ళున్నాయి, పక్కనే శాన్‌ఫ్రాన్సిస్కో ఉంది. ఆ మూడూ లేకుంటే క్రాగ్ ఫోటోలు కూడా ఇంటి ఆల్బమ్‌లోనే ఉండిపోయేవేమో. అయినా ఏళ్ళ తరబడి ఒకే గుంపును ఆ గుంపులోని మనిషే తీసిన ఫోటోలు ఒకచోట పోగుపడటం మరిన్‌కు దక్కిన ప్రత్యేక అదృష్టం. ఇనుము కథ చెప్పేవాళ్ళు దానికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదు.

తర్వాతి మార్పు గోప్రో కంటే చాలా ముందే వచ్చింది. 1987లో మార్క్ షుల్జ్ అనే వీడియో నిర్మాత హెల్మెట్‌కు కెమెరా బిగించి, వైరుతో వీపు సంచిలోని వీడియో రికార్డర్‌కు కలిపి కొండ దిగే దృశ్యాలు తీశాడు. మలుపు దగ్గర నిలబడే కన్ను తొక్కేవాడి నుదుటి మీదికి ఎక్కింది అప్పుడే. గోప్రో స్థాపకుడు నిక్ వుడ్‌మన్ 2004లో అమ్మిన తొలి గోప్రో సర్ఫింగ్ చేసేవాళ్ళ మణికట్టుకు కట్టుకునే మామూలు రీలు కెమెరా. కొండదారులకు అది పనికొచ్చింది డిజిటల్ అయ్యాక, ముఖ్యంగా 2009లో హెచ్‌డీ మోడల్ వచ్చాక.

ఇప్పటి పరిస్థితిలో మేలు ఉంది. కొత్త దారికి వెళ్ళబోయేవారు ముందే వీడియో చూసి రాళ్ళెక్కడో, దూకాల్సిన చోటెక్కడో తెలుసుకుంటున్నారు. ఎలా పడ్డామో చూసుకుని మళ్ళీ పడకుండా నేర్చుకుంటున్నారు. అయినా నాకు తృప్తి లేదు. వైడ్ లెన్స్ వాలును చదును చేస్తుంది. కాళ్ళు వణికించిన దిగుడు తెరమీద కాలువ గట్టులా కనిపిస్తుంది. పైగా ఛాతీకి కట్టిన కెమెరాకు హ్యాండిల్ బారూ, రెండు చేతి తొడుగులూ, ముందు దారీ తప్ప ఏమీ అందదు. తొక్కుతున్న మనిషి ముఖం లేదు, వెనక రొప్పుతూ వచ్చే నేస్తం లేదు, టీ తాగడానికి ఆగిన చోటు లేదు. ముప్పై ఆరు ఫోటోల రీలు ఉన్న రోజుల్లో ఏది తీయాలో ఆలోచించాల్సి వచ్చేది. ఇప్పుడు బటన్ నొక్కి వదిలేస్తే ఆ ఆలోచన కార్డు నిండేదాకా వాయిదా పడుతుంది. నిండిన కార్డును తీరికగా చూసేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలో తక్కువ.

ఫెయిర్‌ఫాక్స్‌లో 2015లో తెరిచిన సైకిల్ మ్యూజియంలో మరిన్ కథను సైకిళ్ళతో పాటు ఆ పాత ఫోటోలూ చెబుతున్నాయి. అలాంటివి ఇవాళ్టి గుంపులకూ కావాలంటే ఛాతీ పట్టీని తీసేయనక్కర్లేదు. ప్రతి రైడ్‌లో ఒక్కరైనా వంతులవారీగా కెమెరా చేతిలోకి తీసుకుని, ముందు వెళ్ళి మలుపు దగ్గర ఆగి, వచ్చేవాళ్ళను ఒక్కొక్కరినే తీయాలి. సాయంత్రం ఇంటికి చేరాక ఆ ఫోటోలకు పేర్లూ, తేదీ, కొండపేరూ రాసిపెట్టాలి.